గ్రేసమ్మ కత్తిరించిన అక్షరాలు

పుంగనూరు బస్టాండు పక్క గోడకు ఒకాయన పోస్టర్లు అంటిస్తున్నాడు. బకెట్లో మైదా జిగురు అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుంది, సన్నగా ఆవిరి పోతోంది. గంజికీ పులిసిన దోసెపిండికీ మధ్య ఎక్కడో ఉండే ఆ వాసన ముక్కుకు తగలగానే నా చేతివేళ్ళు వాటంతట అవే ఒకదానికొకటి రాసుకున్నాయి, ఎండిన జిగురు పొరను వలుచుకుంటున్నట్టు. కుప్పం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకలేస్తున్నా నాకు వెంటనే కాలు కదల్లేదు. మదనపల్లెలో ఒక పెంకుటింటి వెనక వసారా, అక్కడ స్టవ్వు ముందు నిలబడి గరిటెతో జిగురు కలియబెడుతూ, ఉండ కట్టకుండా చూడమని నన్ను హెచ్చరించే గ్రేసమ్మ టీచరు కళ్ళముందుకు వచ్చేశారు. ఆమె కత్తిరించిన అక్షరాలను ఈ ప్రాంతంలో చాలామంది చూసే ఉంటారు. అవి ఒక మనిషి చేతిలోంచి వచ్చాయని వాళ్ళకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

గ్రేసమ్మ గారు మదనపల్లెలో ఒక మిషను బడిలో చాలాకాలం చిన్నపిల్లలకు చదువు చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఇంట్లో ఊరకే కూర్చోలేక, అంగన్‌వాడీలకూ చిన్న బడులకూ అక్షరాల చార్టులు తయారుచేసి ఇవ్వడం మొదలుపెట్టారు. రంగు కాగితాన్ని చేతిలోకి తీసుకుని, పెన్సిలు గీత లేకుండా, కత్తెరతోనే అక్షరాన్ని రాసేవారు. రాసేవారు అనే అనాలి. కత్తెర అక్కడే ఉండేది, కాగితమే దాని నోట్లో చుట్టూ తిరిగేది. కాసేపటికి ఒక 'అ' బల్ల మీద పడేది, బొద్దుగా, కొసలన్నీ గుండ్రంగా. అచ్చుపుస్తకంలో అక్షరాలకు ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుంది. ఈమె అక్షరాలకు అదేమీ లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే మందం. కానీ ఒక్కటీ నిటారుగా నిలబడేది కాదు. ఒకటి కొంచెం ఎగిరినట్టుండేది, ఒకటి పక్కదాని మీద వాలినట్టుండేది, తలకట్టు ఒకదానికి టోపీ జారినట్టుండేది.

నేను సరిగ్గా దానికి వ్యతిరేకంగా పెరిగినదాన్ని. మాది తంబళ్లపల్లె పక్కన ఒక మెట్ట పల్లె, చెనక్కాయల సేద్యం. మా నాయన నా చేతిరాత చూసి ముత్యాలు గుచ్చినట్టుందని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. బడిలో చేతిరాత పోటీ పెడితే మొదటి బహుమతి నాదే. దాంతో నాకొక భయం పట్టుకుంది. ఒక అక్షరం వంకర పోతే పేజీ మొత్తం చించేసి మళ్ళీ రాసేదాన్ని. డిగ్రీ అయ్యాక మదనపల్లెలో కంప్యూటరు మీద పేజీలు కట్టే పని నేర్చుకున్నాను. చార్టుల కింద వాక్యాలు టైపు చేసి ప్రింటు తీసేందుకు ఒక అమ్మాయి కావాలని గ్రేసమ్మ గారు అంటున్నారని తెలిసి వెళ్ళాను. ఆమె నన్ను కంప్యూటరు దగ్గరికి తీసుకుపోలేదు. ఒక పసుపుపచ్చ కాగితమూ, కత్తెరా చేతికిచ్చి 'శ' కత్తిరించమన్నారు, నా పేరు శైలజ కాబట్టి. నేను పెన్సిలు కోసం బల్ల మీద వెతికాను.

"గీసుకోవద్దమ్మా. కత్తెర పెట్టు."

"గీత లేకుంటే వంకర పోతాది టీచరమ్మా."

"పోనీ. ఎంత దూరం పోతాదో సూస్తాం."

నా 'శ' నిజంగానే చాలా దూరం పోయింది. సిగ్గుతో నలిపి పారేయబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఆ కాగితాన్ని సాపు చేసి, వెనక జిగురు పూసి వసారా గోడకు అంటించేశారు. "ఇది నువ్వు మా ఇంటికొచ్చిన రోజు" అన్నారు. నేను తప్పు చేస్తే దాన్ని గోడకెక్కించిన మనిషిని అంతవరకు చూడలేదు. మరుసటి రోజు పనికి వస్తానో రానో నాకే తెలియదు అనుకుంటూ నా గదికి పోయి, పొద్దున్నే అందరికంటే ముందు ఆమె గేటు దగ్గర నిలబడ్డాను.

చార్టులు కావాలని అడిగే బడులు పెరిగాయి. మదనపల్లె దాటి పుంగనూరు, అక్కడి నుంచి కుప్పం వరకు పోయాయి. కుప్పం వైపు పిల్లలు ఇంట్లో అరవమో కన్నడమో మాట్లాడి బడికొచ్చి తెలుగు అక్షరాన్ని చూస్తారు, వాళ్ళకు ఈ అక్షరాలు కొత్తచోట కనబడిన చుట్టాల్లా ఉన్నాయని ఒక టీచరు చెప్పింది. కానీ ఎన్నని చేత్తో కత్తిరిస్తాం? అప్పుడే నాకు, ఆమె అక్షరాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి ఫాంటు చేస్తే ఎవరైనా టైపు చేసుకోవచ్చు కదా అనిపించింది. మా ఊళ్ళలో బడి బోర్డయినా, పెళ్ళి పత్రికైనా, ఎరువుల అంగడి పేరైనా అవే నాలుగైదు ఫాంట్లు. పిల్లల కోసమని చూస్తే ఒక్కటీ లేదు. ఆమె సరేనన్నారు. ఒక్కో కాగితపు అక్షరాన్నీ స్కాను చేసి, దాని అంచు వెంబడి తెర మీద గీత గీసుకుంటూ పోయాను. కొన్ని వారాల తరవాత మొదటి ప్రింటు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇవి ఎవురియి?"

"మీవే టీచరమ్మా. కొంచిం సరిచేసినాను, అంతే."

"మా 'క' యాడికి పోయింది? పక్కకు ఒరిగి నిలబడుకోనుండేది గదా, బస్సు కోసరం సూస్తాండేదాని మాదిరి?"

నేను గర్వంగా సరిచేసిందే ఆ వాలు. అన్నిటినీ ఒకే గీత మీద, ఒకే ఎత్తులో కూర్చోబెట్టాను. ఆమెకు కోపం రాలేదు. ప్రింటును మడిచి నా చేతికిస్తూ, "బిడ్డలకు యూనిఫారం ఏసినావు, బాగుండాది. నడక గూడా ఒకటే సేసేసినావు, అదే బాగలేదు" అన్నారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో అక్షరాన్నీ గీసే ముందు దాన్ని కాసేపు చూసేదాన్ని. 'గ' గొంతుకూర్చున్నట్టుంటుంది. 'జ' వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తుంటుంది. ఇరవయ్యేళ్ళు రాసిన అక్షరాలను నేను అప్పుడే మొదటిసారి చూశానంటే అతిశయం కాదు.

ఆమె చెప్పిందల్లా వేదమని కాదు. మా ఇద్దరికీ గట్టి వాదం పడిన రోజు ఒకటుంది. సగం తయారైన ఫాంటుతో చిన్న వాచకం ఒకటి ప్రింటు తీసి, పుంగనూరులో తెలిసిన నర్సరీ బడికి తీసుకుపోయాం. వెనక బెంచీ మీద కూర్చుని చూస్తున్నాం. రెండు జడల పాప ఒకతి లేచి 'పలక' అన్న మాటను 'వలక' అని చదివింది. మళ్ళీ చదవమంటే అక్షరాన్ని వదిలేసి వాళ్ళ టీచరు మొహం చూడసాగింది. తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అన్నాను.

"ఆ పాప తప్పు సదవలేదు టీచరమ్మా. మన 'ప' నోరు మూసుకుపోయింది. మందం ఎక్కువై 'వ' మాదిరి కనపడతాండాది."

"నా క్లాసులో ఎవురూ అట్ల సదవలేదే?"

"క్లాసులో మీరు పక్కన నిలబడి పలికిస్తా ఉంటిరి. ఫాంటు పక్కన మీరుండరు గదా."

ఎక్కువ మాట్లాడేశాననిపించింది. దారిలో బస్సు ఆగితే ఉడకబెట్టిన చెనక్కాయలు కొన్నాను. అవి తినేసి, ఆ పొట్లం కాగితాన్ని ఆమె ఒళ్ళో పరిచి చేత్తో సాపు చేశారు. సంచిలోంచి చిన్న కత్తెర తీశారు. బస్సు కుదుపుల్లోనే ఒక కొత్త 'ప' కత్తిరించి నా మొహం ముందు పట్టుకున్నారు. దాని నోరు బాగా తెరుచుకుని ఉంది. "ఇప్పుడు దీనికి ఆకలైనట్టుండాదా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. "ఆటకైనా బరి గీసుకోవల్ల. లేకుంటే ఎవురు ఔటో ఎట్ల తెలస్తాది" అని తనే ఒప్పుకున్నారు. ఆ తరవాత 'థ' కడుపులో చుక్క పెద్దదైంది, వత్తులు పై అక్షరానికి దగ్గరగా జరిగి కింది వరుసను తన్నడం మానేశాయి. ఒక పండక్కి ఇంటికి పోయినప్పుడు ఆ ప్రింట్లు మా నాయనకు చూపిస్తే, "ఏందిమ్మే, లేగదూడలు ఇప్పేసినట్టుండాయి" అన్నాడు. గ్రేసమ్మ గారికి ఆ మాట చెప్పాను. ఫాంటుకు లేగ అనే పేరు ఆ విధంగా వచ్చింది.

పని చివరికొస్తున్న సమయంలో ఆమె కుడిచేతి బొటనవేలు మొరాయించింది. మొదట జిగురు బకెట్టు ఎత్తలేకపోయారు, తరవాత కత్తెర తెరవలేకపోయారు. మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, వేలి కీలు అరిగిపోయిందనీ, కత్తెర ఇక ముట్టకూడదనీ చెప్పి, వేలికి పట్టీ బిగించి పంపింది. 'ఝ', 'ళ', 'ఱ' లాంటివీ, అంకెలూ, సగం వత్తులూ ఇంకా మిగిలే ఉన్నాయి. నేను వాటిని ఆమె తరహాలో కత్తిరించి చూపించాను. ఎంతో జాగ్రత్తగా, ఎంత వంకర ఉండాలో అంత వంకరగా. ఆమె వాటిని తిప్పి తిప్పి చూసి, "నా మాదిరి మాట్లాడి నవ్విస్తారే క్లాసులో పిల్లోళ్ళు, అట్లుండాయి. బాగుండాయి. నేను కాదు" అన్నారు. అని, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను పోయి స్టవ్వు మీద టీ పెట్టాను.

ఆ వారమంతా వసారాలో ఎవరూ ఏమీ కత్తిరించలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి పోయేసరికి, పట్టీ వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కత్తెర పట్టుకుని కూర్చుని ఉన్నారు. కాగితాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించారు. ఎడమచేతికి ఆ కత్తెర లొంగడం లేదు, కాగితాన్ని కొయ్యకుండా నములుతోంది. నేల నిండా పాడైన ముక్కలు. "నువ్వు కాగితం తిప్పమ్మా. నేను కత్తెర నడిపిస్తా" అన్నారు. నేను ఎదురుగా కూర్చుని కాగితం తిప్పాను. ఎటు తిప్పాలో ఆమె చెప్పలేదు, కత్తెర ఎటు పోవాలనుకుంటోందో చూసి తిప్పాను. అలా ఒక 'ళ' బల్ల మీద పడింది. కుడిచేతి అక్షరాలు గెంతుతాయి. ఇది అప్పుడే నడక నేర్చినట్టుంది, కాళ్ళు ఎడంగా పెట్టి, పడిపోకుండా నిలబడి.

అప్పటిదాకా ఫాంటులో నన్నొక సంగతి పీడిస్తోంది. 'అమ్మమ్మ' అని టైపు చేస్తే రెండు 'మ్మ'లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చేవి. చేత్తో కత్తిరించినవి అలా ఉండవు కదా, చూడగానే మోసం బయటపడేది. ఆ 'ళ' చూశాక దారి దొరికింది. ఎక్కువ వాడే అక్షరాలన్నిటికీ ఎడమచేతి అక్షరం ఇంకొకటి చేశాం. టైపు చేస్తుంటే ఒకసారి కుడిచేతిదీ, ఒకసారి ఎడమచేతిదీ వాటంతట అవే వచ్చేలా కంప్యూటరుకు నేర్పించాను. ఆమె మొదటిసారి 'అమ్మమ్మ' అని ప్రింటు చూసినప్పుడు, "అక్కాసెల్లెళ్ళు మాదిరి ఉండారే" అని పట్టీ చెయ్యి ఎత్తి నా భుజం తట్టబోయి, నొప్పికి అబ్బా అని, మళ్ళీ నవ్వారు.

ఆమె చెయ్యి చూపించుకోవడానికి పోతూ వస్తూ ఉండగా ఆ ఆసుపత్రి పిల్లల వార్డులోని నర్సుతో పరిచయమైంది. వార్డుకు కొత్త బోర్డులు కావాలనీ, పిల్లలు బెదరకుండా లేగ అక్షరాలతో రాసివ్వమనీ అడిగింది. నేను హుషారుగా అన్నీ చేశాను: ఆడుకునే చోటు, తాగే నీళ్ళు, బాత్రూము, ఇంజెక్షను గది. గ్రేసమ్మ గారు అన్నీ చూసి, చివరి బోర్డు మాత్రం పక్కన పెట్టారు.

"ఇది మామూలు అచ్చరాల్లో చెయ్యి."

"బిడ్డలు అక్కడే గదా ఎక్కువ భయపడేది?"

"భయపడనీ. నగుతా పిలిచి లోపల సూది పొడిస్తే, ఇంక ఆ అచ్చరాన్ని బిడ్డ నమ్మదమ్మా. రేపు బడిలో అదే అచ్చరం కనపడితే యాల నమ్మల్ల?"

అక్షరం ఆకారం కూడా ఒక మాటేనని నాకు అంతకుముందు తోచలేదు. ఇంజెక్షను గది బోర్డు తిన్నగా, మామూలుగా చేసిచ్చాను. తరవాత ఒకనాడు ఆ వార్డులో ఒక పిల్లవాడు తాగే నీళ్ళ బోర్డు మీద 'ళ్ళు' కిందికి వేలాడే వత్తును వేలితో రుద్దుతూ తనలో తనే ఏదో చెప్పుకుంటుంటే, ఆమె నా మోచేతిని పొడిచి చూపించారు.

లేగను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాం. మదనపల్లె ఆడవాళ్ళ సంఘం ఒకటి టమాటా ఊరగాయ సీసాల మీద వేసుకుంది. ఐసుబండ్ల మీదికెక్కింది. పిల్లల పుట్టినరోజు ఫ్లెక్సీలకు అదే. ఒకరోజు గుర్రంకొండ దారిలో ఒక ముసలాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద లేగ కనబడింది. ఇదెక్కడి ఘోరమని ఫ్లెక్సీ మీద ఉన్న ప్రింటు అంగడి నంబరుకు ఫోను చేసి అడిగాను. "వాళ్ళ కొడుకే ఈ అచ్చరాలు కావాలన్నాడు మేడం. ఆయప్ప బతికినన్నాళ్ళూ అందర్నీ నగిస్తా ఉండిన్యాడంట" అన్నాడు అంగడాయన. ఆ సంగతి చెబితే గ్రేసమ్మ గారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "సూడు, మనకు తెలవని పనులు గూడా దానికి తెలుసు" అన్నారు.

చివరి రెండేళ్ళు ఆమె కుప్పంలో చెల్లెలి దగ్గర ఉన్నారు. నేను వీలైనప్పుడల్లా పోయేదాన్ని. అక్కడి వసారాలోనూ చుట్టుపక్కల పిల్లలు చేరి ఉండేవాళ్ళు, సగం అరవం సగం తెలుగులో. ఆఖరుసారి పోయినప్పుడు నేను చేసిన కొత్త ఫాంటు ఒకటి చూపించాను. లేగకు తోబుట్టువులా ఉండాలని కష్టపడి చేసింది. ఆమె చూసి, కాగితాన్ని వెనక్కి తిప్పి, నేను అక్కడ ఆమె కోసం రాసుకొచ్చిన మందుల పేర్లను చూశారు. పెన్నుతో నేను మామూలుగా రాసే రాత. అదే మా నాయన ముత్యాల రాత.

"ఇది యాల సెయ్యవు?"

"ఇది బడిరాత టీచరమ్మా. దీంట్లో ఆట లేదు."

"అందరూ గెంతల్లనా? నేను నిన్ను వంకర రాయమని ఏ పొద్దూ సెప్పలేదే. భయపడొద్దన్యాను. నీ అచ్చరం నిలకడైంది. దానికీ పనుండాది, యెతుక్కో."

బస్సులో మదనపల్లె దాకా ఆ మాటే నాతో వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె నా తిన్నదనాన్ని మాన్పించారనుకున్నాను. మాన్పించింది తిన్నదనాన్ని కాదు. కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తూ ఆమె వెళ్ళిపోయారు. కుప్పం చర్చి ఆవరణలో మట్టి వేసి వచ్చాం. ఆ పిల్లలంతా వచ్చారు. నాకు దుఃఖం కలిగింది కానీ దిగులు కలగలేదు, ఇప్పటికీ లేదు.

ఆమె వెతుక్కోమన్న పని వెతుక్కున్నాను. నా చేతిరాతను, పెన్సిలు గీత లేకుండా, ఒక్కో అక్షరం నిదానంగా రాసి ఫాంటు చేశాను. అక్కడక్కడ చెయ్యి వణికిన చోటు అలాగే వదిలేశాను. దాంతో ఏ బండీ అలంకరించలేం, ఏ పుట్టినరోజుకీ పనికిరాదు. మాత్రలు పోసిచ్చే కాగితపు కవర్ల మీద 'పొద్దున', 'రాత్రి', 'అన్నం తిన్నాక' అని పెద్దగా వేసేందుకు మిషను ఆసుపత్రి మందుల గదివాళ్ళు తీసుకున్నారు. మొన్న నా మందుల కోసం పోయి అక్కడ వరుసలో నిలబడ్డాను. నా ముందు బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కవరు అందుకుని, కళ్ళకు ఎడంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంది. చదివిపెట్టడానికి పక్కనున్న మనవరాలు చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

"వద్దులేమ్మే, నాకు తెలస్తాండాది. ఎవురు రాసినారో గానీ, తొందర లేకుండా సెప్తాండారు" అంది.

నా మందులు తీసుకోకుండానే కాసేపు పక్కకు జరిగి నిలబడ్డాను.